గెలిచినోళ్ళ పార్టీకి ఓడిన రూమ్మేట్‌ని పిలవాలా వద్దా?

టిన్‌ఫ్యాక్టరీ_తమ్ముడు (బుధవారం, రాత్రి 11:40)
అందరికీ నమస్తే. మేం ముగ్గురం బెంగళూరులో కేఆర్ పురం దగ్గర ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఉంటాం. నేనూ ఇంకొకడూ ఈసారి, అంటే 2024 ఆంధ్ర అసెంబ్లీ ఎన్నికల్లో, గెలిచిన వైపు. మూడోవాడు మా ఊరివాడే, ఒకటో తరగతి నుంచి కలిసి చదువుకున్నాం, ఓడిన వైపు. ఫోన్‌లో స్టేటస్‌లు పెట్టి ఊరుకునే రకం కాదు, మే 13న ఓటెయ్యడానికి ప్రైవేట్ బస్సుకి మూడింతల రేటు పెట్టి వెళ్ళి, బూత్‌లో ఏజెంటుగా సాయంత్రం దాకా కూర్చుని వచ్చినవాడు. నిన్న పొద్దున ఎనిమిదింటికి పోస్టల్ బ్యాలెట్ల లెక్కింపు మొదలైనప్పుడు ముగ్గురం ఒకే టీవీ ముందు ఉన్నాం. తొమ్మిదిన్నరకల్లా వాడు లేచి స్నానం చేసి ఆఫీసుకి పోయాడు, ఇంటి నుంచి పని చేసుకునే రోజైనా సరే. అప్పట్నుంచి మేం లేవకముందే వెళ్తున్నాడు, బయటే తిని వస్తున్నాడు. గొడవేం జరగలేదు, మేం ఒక్క మాట కూడా అనలేదు.

ఇప్పుడు మారతహళ్లి, బెళ్ళందూరు నుంచి మా బ్యాచ్ ఓ పదిహేను మంది శనివారం మా టెర్రస్ మీద పార్టీ అంటున్నారు. బిర్యానీ, కేకు, పాటలు అన్నీ. వాడిని పిలిస్తే ఎగతాళి అనుకుంటాడేమో. పిలవకపోతే వాడింట్లోనే వాడిని పరాయివాణ్ణి చేసినట్టు, అద్దెలో మూడో వంతు వాడు కడుతున్నాడు కదా. ఏం చెయ్యమంటారు?

మోడరేటర్ (బుధవారం, రాత్రి 11:52)
ముందే చెబుతున్నా. ఇప్పటి పార్టీల పేర్లు, కులం, నాయకుల మీద ముద్దుపేర్లు రాస్తే కామెంట్ పోతుంది. పాత చరిత్రకి మినహాయింపు ఉంది, అది కూడా నా మూడ్‌ని బట్టి.

బగ్_ఫిక్సర్ (గురువారం, ఉదయం 7:05)
పిలువు బ్రో. కేక్ మీద 11 అని రాయించు, నేనూ వస్తా.

రాగిసంకటి (గురువారం, ఉదయం 7:31)
తమ్ముడూ బగ్ ఫిక్సర్, ఓడినవాళ్ళకి వచ్చిన సీట్ల మీద ఈ 11 జోకు ఐదేళ్ళ కింద 23 అనే పేరుతో తిరిగింది. 2019 మే 23న ఫలితాలు, ఓడినవాళ్ళ సీట్లు 23, ఇది దేవుడు రాసిన స్క్రిప్టు అని ఎన్ని స్టేటస్‌లు చూశామో. అప్పుడు గెలిచినవాళ్ళకి 151, ఇప్పుడు కూటమికి 164, మొత్తం ఉన్నవే 175. ఇంకొంచెం వెనక్కి పోతే 2004లో తెలుగుదేశానికి 47, ఆ రోజు కూడా ఇక ఆ పార్టీ పని అయిపోయిందనే అన్నారు. నేను ఈ ఊరికి వచ్చి చాలా కాలమైంది, ఇలా అయిపోయిందన్న ప్రతి పార్టీ మళ్ళీ లేచి కూర్చోవడం చూశాను.

ఇంకో సంగతి ఎవరూ గమనించడం లేదు. 2019లో ఓడినవాళ్ళకి నూటికి 39 ఓట్లు పడ్డాయి, ఇప్పుడు ఓడినవాళ్ళకీ నూటికి 39. సీట్లు 23, 11 అని కనపడతాయి గానీ, మీరు ఊరికెళ్ళే బస్సులో పదిమందిని లెక్కపెడితే నలుగురు ఓడిన వైపువాళ్ళే. కేక్ మీద అంకె రాయించే ముందు ఆ బస్సులో మీ పక్క సీటు ఎవరిదో చూసుకోండి.

బగ్_ఫిక్సర్ (గురువారం, ఉదయం 7:40)
జోక్ చేశాను సార్, పొద్దున్నే క్లాసా.

హెచ్చెస్సార్_అక్క (గురువారం, ఉదయం 9:15)
మా ఇంట్లో మా నాన్న ఒక వైపు, మా ఆయన ఇంకో వైపు. ఒకసారి ఈయన ఏడిస్తే ఆయన నవ్వుతారు, ఐదేళ్ళకి తారుమారు. పెళ్ళయిన కొత్తలో నాకు ఫలితాల రోజంటే టెన్షన్ వచ్చేది, ఇప్పుడు లేదు, ఎందుకంటే మా ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నారు. మొన్న మంగళవారం సాయంత్రం మా నాన్నకి ఫోన్ చేసి షుగర్ రిపోర్టు ఎప్పుడొస్తుంది, బంగినపల్లి కాయలు ఇంకా దొరుకుతున్నాయా అని అడిగారు. ఎన్నికల ఊసే లేదు. ఓ పది నిమిషాలయ్యాక మా నాన్నే "మీవాళ్ళు గట్టిగానే కొట్టారయ్యా" అన్నారు. "ఆ, ఏదో లెండి మావయ్యా" అని ఈయన మళ్ళీ మామిడికాయల మీదకి పోయారు. అంతే.

అంటే ఆ మాట ఎత్తే హక్కు ఓడినవాళ్ళది. గెలిచినవాళ్ళు ముందు ఎత్తకూడదు, ఓదార్పుగా కూడా ఎత్తకూడదు. తమ్ముడూ, నువ్వు వాడిని పిలవకు, పిలవకుండానూ ఉండకు, అసలు ఆ ఫ్లాట్‌లో పార్టీ పెట్టకు. బెళ్ళందూరులో వాళ్ళకి ఇళ్ళు లేవా? పైగా మొన్న ఆదివారం ఒక్క రోజులో 111 మిల్లీమీటర్లు కురిసిన ఊరిలో టెర్రస్ పార్టీ ఏంటి, బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా పెడతారా?

ఓడినోడు (గురువారం, ఉదయం 10:02)
నేను ఓడిన వైపే, పేరు చూస్తే తెలుస్తుందిగా, మంగళవారం మధ్యాహ్నం మార్చుకున్నా. నీ రూమ్మేట్ సంగతి నాకు తెలిసినంత చెబుతా. ట్రోల్స్ పెద్ద బాధ కాదు, మేం కూడా అవతలివాళ్ళ మీద ఐదేళ్ళు వేశాం, తిరిగొస్తాయని తెలుసు. కష్టమైంది ఏంటంటే జాలి. ఆఫీసులో ఒకడు నా డెస్క్ దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యేసి "పోన్లే బ్రో, ఐదేళ్ళేగా, కళ్ళు మూసి తెరిస్తే అయిపోతాయి" అన్నాడు. ఇంకొకడు ఎక్కడ తప్పు జరిగిందో నాకు విశ్లేషించి చెప్పడం మొదలెట్టాడు, ఇసుక దగ్గర్నుంచి రోడ్ల దాకా వరసగా, నేను అడగలేదు. వాడి మనసు మంచిదే. నాకు మాత్రం కాఫీ కప్పు వదిలేసి పారిపోవాలనిపించింది.

మాతో మామూలుగా ఉండండి చాలు. నీ రూమ్మేట్‌ని ఈ నెల నీళ్ళ ట్యాంకర్ డబ్బులు ఎవరు కట్టారని అడుగు. గ్యాస్ అయిపోయిందని చెప్పు. కడగని గిన్నెల మీద తిట్టు. వాడు ఎక్కడ ఆగిపోయాడో అక్కడ్నుంచి మళ్ళీ అందుకోవడానికి వాడికి ఒక పిచ్చి విషయం కావాలి. అన్నట్టు, టీవీ ఆ రోజు ఆఫ్ చెయ్యకుండా మీరిద్దరూ సాయంత్రం దాకా చూశారా? చూసే ఉంటారు. అది తప్పని అనడం లేదు, నేనైనా చూస్తా.

పిడుగురాళ్ల_సున్నం (గురువారం, ఉదయం 11:48)
మొత్తం చదివాను. మీరంతా ఐటీ పార్కులో ఏసీలో కూర్చుని మామిడికాయలు, ట్యాంకర్లు అంటున్నారు. మా పల్నాడులో పోలింగ్ రోజు నుంచి ఏం జరిగిందో టీవీలో చూడలేదా? జిల్లా అంతా 144 సెక్షన్, ఊరి నిండా పోలీసులు. ఎన్నిక అంటే మాకు పొలానికి వెళ్ళే దారి, రేషన్, చెరువు పని, ఎవరి మీద కేసు పెడతారు ఎవరి మీద ఎత్తేస్తారు, అదీ లెక్క. గత ఐదేళ్ళు మా ఇంటివాళ్ళు పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగారు. అప్పుడు మాతో ఎవడూ మర్యాదగా ఉందాం అనలేదు. ఇప్పుడు గెలిచాక మేం పెద్దమనసు చూపించాలా? ఎందుకు? కోపంగానే రాస్తున్నా, మోడరేటర్ గారు తీసేస్తే తీసెయ్యండి.

మోడరేటర్ (గురువారం, ఉదయం 11:55)
తియ్యను. ఇందులో పేర్లు లేవు, తిట్లు లేవు.

ఓరుగల్లు_ఓటర్ (గురువారం, మధ్యాహ్నం 12:30)
మా వైపు సంగతి ఒకటి చెప్తా, పేర్లు రాయక తప్పదు. 2023 డిసెంబర్ 3న తెలంగాణ ఫలితాలొచ్చినయి, కాంగ్రెస్‌కి 64, అవతల 39. పదేళ్ళు సీఎంగా ఉన్న కేసీఆర్ ఆ వారంలోనే ఇంట్లో పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నడు. కొత్త సీఎం రేవంత్ రెడ్డి అదే నెల 10న ఆసుపత్రికి పోయి పలకరించి వచ్చిండు. ఎన్నికల్లో వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఎట్ల తిట్టుకున్నరో మీకందరికీ తెలుసు. పైగా కామారెడ్డిలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఇద్దరూ ఓడిపోయిండ్రు, మూడో ఆయన గెలిచిండు. అది వేరే ముచ్చట.

బగ్_ఫిక్సర్ (గురువారం, మధ్యాహ్నం 12:34)
ఫొటో కోసం అన్నా అది. తర్వాత వారం నుంచి మళ్ళీ తిట్టుకోలేదా?

ఓరుగల్లు_ఓటర్ (గురువారం, మధ్యాహ్నం 12:50)
తిట్టుకున్నరు. ఫొటో కోసమే అనుకో, నాకేం అభ్యంతరం లేదు. ఆ ఫొటో చూసి ఊర్లో ఒక కార్యకర్త ఎత్తిన చెయ్యి దించితే ఫొటోకి పని అయినట్టే.

రాగిసంకటి (గురువారం, మధ్యాహ్నం 1:20)
పిడుగురాళ్ల తమ్ముడికి. నీ కోపం మీద నేను నీతులు చెప్పను, మాది సీమ, పార్టీ కక్షలు ఎలా ఉంటాయో చూస్తూ పెరిగినవాణ్ణి. ఒక తేడా మాత్రం చూడు. మీ వాళ్ళ మీద తప్పుడు కేసు పెట్టించినవాడు ఉన్నాడు, వాడి సంగతి కోర్టులో తేల్చుకోండి, వదలొద్దు, ఎవరూ వదలమనడం లేదు. కానీ వాడి పార్టీకి ఓటేసినవాడు, జెండా మోసినవాడు, బూత్‌లో కూర్చున్నవాడు వేరు. ఊళ్ళో దెబ్బ పడేది ఎప్పుడూ ఈ రెండోవాడికే, ఎందుకంటే మొదటివాడు ఫలితాల రోజు సాయంత్రానికే హైదరాబాదులోనో ఇక్కడే ఏ సర్జాపూర్ రోడ్డు విల్లాలోనో ఉంటాడు.

ఇంకో మాట. మనం బెంగళూరులో ఉన్నాం కాబట్టి మన చేతిలో ఏం లేదనుకుంటాం. ఉంది. ఊరికి డబ్బు పంపేది మనం, తిరునాళ్ళకి చందా రాసేది మనం, ఇంట్లో సాఫ్ట్‌వేర్ కొడుకు చెప్పాడంటే నాన్నలు కాస్త వింటారు. ఓడినవాణ్ణి ఓదార్చడం గెలిచినవాడి పని కాదు, అది అక్క చెప్పినట్టు వదిలేస్తేనే మంచిది. మన వైపువాళ్ళ నోరు, చెయ్యి అదుపులో పెట్టడమే మన పని. మీ పెదనాన్నకి ఫోన్ చేసి ఊరేగింపు వాళ్ళ వీధిలోకి తిప్పొద్దు, వాళ్ళ గుమ్మం ముందు టపాసులు కాల్చొద్దు అని చెప్పగలవా? రూమ్మేట్‌కి కేకు ముక్క పెట్టడం కన్నా వంద రెట్లు కష్టం అది, నాకు తెలుసు.

మోడరేటర్ గారు మినహాయింపు ఇచ్చారు కాబట్టి ఒక పాత సంగతి. 1991లో పీవీ నరసింహారావు ఎంపీ కాకుండానే ప్రధాని అయ్యారు, తర్వాత నంద్యాల ఉప ఎన్నికలో నిలబడ్డారు. ఎన్టీఆర్ కాంగ్రెస్‌ని కూల్చడానికే పార్టీ పెట్టిన మనిషి, 1989లో ఆ కాంగ్రెస్ చేతిలోనే అధికారం పోగొట్టుకున్నారు. అయినా తెలుగువాడు ప్రధాని అయ్యాడని అభ్యర్థిని నిలబెట్టలేదు. పీవీకి మెజారిటీ 5 లక్షల 80 వేలు దాటింది. 2009లో పులివెందుల, 2014లో ఆళ్ళగడ్డ ఉప ఎన్నికలు, ఈ రెండూ ఏకగ్రీవాలే, చనిపోయినవాళ్ళ కుటుంబం మీద అవతలి పెద్ద పార్టీ పోటీ పెట్టలేదు.

జయనగర్_నాలుగో_బ్లాక్ (గురువారం, మధ్యాహ్నం 3:10)
ఏకగ్రీవాన్ని మర్యాద లెక్కలో వేస్తే నేను ఒప్పుకోను సార్. ఓటరుకి ఎంచుకునే అవకాశమే లేకుండా పోయింది కదా. పోటీ పెట్టి, ఓడి, తర్వాత మర్యాదగా ఉండటమే నయం.

నేను ఇక్కడే పుట్టి పెరిగా, ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడ. పోయిన ఏడాది, 2023 మే 13న, కర్ణాటక ఎన్నికల లెక్కింపులో మా జయనగర్‌లో తేడా 16 ఓట్లు. ముందు ఒకరు గెలిచారన్నారు, మళ్ళీ లెక్కపెట్టారు, రాత్రి పొద్దుపోయేదాకా లెక్కింపు కేంద్రం బయట రెండు పార్టీలవాళ్ళూ అరుపులు, చివరికి ఇంకొకరు గెలిచారు. 16 ఓట్లంటే మా వీధిలో ఒక అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తువాళ్ళు నిద్రపోయి ఓటుకి వెళ్ళకపోతే సరిపోతుంది. ఓడిన వైపువాళ్ళ మంట ఎలా ఉంటుందో ఊహించుకోండి. తెల్లారితే ఆదివారం, దర్శినిలో, అంటే నిలబడి తినే టిఫిన్ హోటల్లో, ఒకే స్టాండింగ్ టేబుల్ దగ్గర అటువాళ్ళూ ఇటువాళ్ళూ బై టూ కాఫీ. ఒకాయన చట్నీ గిన్నె ఇటు జరపమన్నాడు, రెండో ఆయన జరిపాడు. అందులో గొప్పతనం ఏం లేదు, దర్శినిలో వేరే టేబుల్ ఖాళీ లేదు.

ఇంకా పాతది ఒకటి. 2004లో చామరాజనగర్ వైపు సంతేమరహళ్ళిలో ఎ.ఆర్. కృష్ణమూర్తి ఒక్క ఓటుతో ఓడిపోయారు, ఒకటంటే ఒకటే. ఆయన అప్పుడు జనతాదళ్, గెలిచింది కాంగ్రెస్. 2023లో అదే కృష్ణమూర్తి కొళ్ళేగాలలో కాంగ్రెస్ టికెట్ మీద గెలిచారు. నాయకులు అంత తేలిగ్గా అటూ ఇటూ అవుతుంటే మనం రూమ్మేట్‌తో మాట్లాడటం మానేస్తామా?

బగ్_ఫిక్సర్ (గురువారం, సాయంత్రం 5:45)
సరే, సీరియస్‌గా ఒకటి అడుగుతా. పోలింగ్‌కీ లెక్కింపుకీ మధ్య మూడు వారాల గ్యాప్ ఇచ్చారు కదా, ఆ టైంలో మా టీమ్‌లో ఒకడితో పందెం కాశా, పదివేలు. గెలిచా. వాడు ఇప్పుడు నాకు ఎదురుపడటం లేదు. వదిలెయ్యనా?

ఓడినోడు (గురువారం, సాయంత్రం 5:58)
వదిలెయ్యకు బాబోయ్. నువ్వు మాఫీ చేశావంటే వాడు జన్మంతా నీకు ఎదురుపడడు. జీతం పడేదాకా ఆగు, నలుగురిలో అడక్కు, మెసేజ్ కూడా పెట్టకు. ఇస్తే తీసుకుని జేబులో పెట్టుకో, ట్రీట్ ఇస్తానని అరవకు.

హెచ్చెస్సార్_అక్క (గురువారం, రాత్రి 8:20)
పదివేలు పందెమా! మీ అమ్మగారికి తెలుసా?

రాగిసంకటి (గురువారం, రాత్రి 8:41)
పదివేలు నయం. మా వైపు ఎకరాలు పెట్టినవాళ్ళున్నారు. ఓడినవాడు పార్టీ ఓడిందని ఏడుస్తున్నాడో పొలం పోయిందని ఏడుస్తున్నాడో కూడా తెలియదు. చట్టప్రకారం అసలు కాయకూడదు, అది వేరే.

పిడుగురాళ్ల_సున్నం (గురువారం, రాత్రి 10:30)
రాగిసంకటి గారూ, ఫోన్ చేశాను. మా పెదనాన్న అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నా: "నువ్వు అక్కడ కూర్చుని చెప్పడం కాదురా, కుర్రాళ్ళని ఆపడానికి నువ్వు రా." టపాసులు అప్పటికే కాల్చేశారంట. ఊరేగింపు మాత్రం ఇంకా జరగలేదు, మంచి రోజు చూసి పెడతారంట. ఊరేగింపుకి మంచి రోజు ఏంటో నాకర్థం కాలేదు. మీతో ఇంకా పూర్తిగా ఏకీభవించడం లేదు. మా నాన్న మీద పెట్టిన కేసు ఎత్తేసే దాకా నాకు అవతలివాడితో కాఫీలు లేవు. కానీ వాడి పెళ్ళాం పిల్లల ముందు డప్పులు కొట్టడం వేరే సంగతి, అది నేనూ ఒప్పుకోను.

టిన్‌ఫ్యాక్టరీ_తమ్ముడు (శుక్రవారం, సాయంత్రం 6:15)
అందరికీ థాంక్స్. ఏం జరిగిందో చెబుతా. నిన్న రాత్రి ట్యాంకర్ డబ్బుల మాట ఎత్తాను (ఓడినోడు బ్రో, నీకు దండం). వాడు అరగంట లెక్కలు చూశాడు, నేను నూట యాభై బాకీ అని తేల్చాడు, ఇచ్చాను. తర్వాత వాడే "మీ పార్టీ ఎప్పుడు" అన్నాడు, అంటే వాడికి ముందే తెలుసు. నేను మన ఇంట్లో కాదు అన్నాను. అప్పటికి ఎక్కడ అని నాకూ తెలియదు, బ్యాచ్‌లో సగం మంది ఇంకా అలిగే ఉన్నారు, ఒకడు గ్రూపులోంచి వెళ్ళిపోయాడు కూడా, వాడికి నేను అమ్ముడుపోయానంట.

అసలు విషయం తర్వాత వచ్చింది. వాడి దిగులు సీట్ల గురించి కాదు. ఊళ్ళో వాళ్ళ నాన్న ఒక్కరే ఉన్నారు, మంగళవారం రాత్రి ఇంటి ముందు బైకులు అటూ ఇటూ తిరిగాయంట, హారన్లు కొట్టారంట. పొద్దున్నే వెళ్ళిపోయేది మా మొహం చూడలేక కాదు, ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి నాన్నతో ఫోన్ మాట్లాడటానికి. మా నాన్న ఆ ఊళ్ళో గెలిచిన వైపు నలుగురు పెద్దల్లో ఒకరు. వాడు నన్ను ఏమీ అడగలేదు. నేనే ఫోన్ చేశా. నాన్న ముందు "ఎవరు చెప్పారు, అలాంటిదేం లేదు" అన్నారు, తర్వాత బైకులు ఎవరివో పేర్లతో సహా చెప్పారు. "నా మాట వింటారో లేదో, సాయంత్రం వాళ్ళ ఇంటి దగ్గర వరండాలో నేనే కూర్చుంటా" అన్నారు. వాళ్ళిద్దరికీ మాటల్లేక చాలా రోజులైంది. కూర్చున్నారో లేదో ఇంకా తెలియదు, ఇద్దరి ఫోన్లూ ఎత్తడం లేదు.

రాత్రికి టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఒంగోలు బస్సు, ఇద్దరం వెళ్తున్నాం. సోమవారం పొద్దున్నకి తిరిగొస్తాం.

హెచ్చెస్సార్_అక్క (శుక్రవారం, సాయంత్రం 6:22)
జాగ్రత్తగా వెళ్ళు నాన్నా. చేరాక ఇక్కడ ఒక ముక్క రాయి.

పిడుగురాళ్ల_సున్నం (శుక్రవారం, సాయంత్రం 6:40)
మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు. మా ఊళ్ళో అలాంటి మనిషి ఒక్కడున్నా బావుండేది.

బగ్_ఫిక్సర్ (శుక్రవారం, సాయంత్రం 6:58)
మరి బిర్యానీకి ఇచ్చిన అడ్వాన్సు?

టిన్‌ఫ్యాక్టరీ_తమ్ముడు (శుక్రవారం, రాత్రి 7:10)
వెనక్కివ్వనన్నాడు. పదిహేను మందికి చెప్పిన ఆర్డర్, రేపు మధ్యాహ్నం ఒంటిగంటకి. ఎవరికైనా కావాలంటే సగం రేటుకి ఇస్తా.

మోడరేటర్ (శుక్రవారం, రాత్రి 7:12)
అమ్మకాలు, కొనుగోళ్ళకి వేరే థ్రెడ్ ఉంది, ఇక్కడ వద్దు. నాకు రెండు పక్కన పెట్టు.